వాళ్ళక్కే చూసింది

ఆపకమ్మా కోడలా, రాయి. కలం కింద పెట్టకు. నేనన్నది నీకు సరిగ్గానే వినపడింది. ఆ ఫోను చేసింది నేనే. నీ పెద్దకూతురు కాదు.

"మీరా మామయ్యా?" అంటున్నావు. అదీ రాయి.

"మరి నాచేత పెద్దదాన్ని అన్నన్ని మాటలు అనిపించారే! పక్కనే కూర్చుని విన్నారే!"

విన్నాను. తేలు కుట్టిన దొంగలాగ నోరు మూసుకుని విన్నాను. పోయిన వారం పత్రికలో చదివినవాళ్ళు కూడా పెద్దదాన్నే తిట్టుకుని ఉంటారు. చెల్లెలు ఉద్యోగంలో చేరి పట్టుమని పది రోజులు కాలేదు, అక్క ఓర్వలేక ఫోను చేసి బయటికి లాగించింది అనుకుని ఉంటారు. అలా అనుకునేట్టు చెప్పింది నేనేగా. ఇవాళ జరిగింది జరిగినట్టు చెప్తాను. నేను మెల్లిగానే చెప్తా, నువ్వు కూడా మెల్లిగానే రాసుకో.

ఆ రోజు చిన్నది పొద్దున్నే ఆరింటికి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. కాఫీ కూడా నిలబడే తాగింది. దానికది మొదటి జీరో డే.

చదివేవాళ్ళకి తెలియకపోతే ఒక ముక్క రాయి. మూలుగ మార్చే వార్డులో రోగి ఒంట్లో ఉన్న పాత మూలుగంతా ముందు మందులతో ఎండగడతారు. అప్పుడు రోగాన్ని తట్టుకునే సత్తువ చుక్క కూడా మిగలదు. మనకి తుమ్ము, వాళ్ళకి గండం. ఆ తర్వాత తోబుట్టువు ఎముకల్లోంచి తీసిన మూలుగ సంచిలో పోసి నరంలోకి ఎక్కిస్తారు. ఆ రోజు జీరో డే. అక్కణ్ణించి ఒకటో రోజు, రెండో రోజు అని లెక్కపెడతారు, పురిటి బిడ్డకి పెట్టినట్టు.

దాని రోగి ఒక దర్జీ ఆవిడ. జుట్టు రాలిపోయిన తలకి తనే టోపీ కుట్టుకుందట. కుట్టు వంకరపోయిందని మళ్ళీ విప్పిందట. చిన్నది రోజూ సాయంత్రం నా మంచం పట్టె మీద కూర్చుని ఈ కబుర్లన్నీ చెప్పేది.

"రెండు తలుపులుంటాయి తాతా. మొదటిది మూసుకుంటేగానీ రెండోది తెరుచుకోదు."

నాకు తెలీదా? ముప్పై ఏళ్ళు అదే ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసినవాణ్ణి. ఆ మొదటి తలుపు దాకా ఎంతమందిని తోశానో లెక్కలేదు. రెండో తలుపు అవతల ఏముంటుందో మాత్రం ఏనాడూ చూడలేదు. తెలిసినా "అలాగా!" అనేవాణ్ణి. అది చెప్తుంటే నేనే లోపలికి నడిచి వెళ్ళినట్టుండేది.

అది చెప్తున్నంతసేపూ పక్కగదిలో పెద్దది బట్టలు మడతపెట్టేది. ఒకే తువ్వాలు నాలుగుసార్లు మడతపెట్టడం నేను చూశాను.

ఎనిమిదేళ్ళమ్మా. ఎనిమిదేళ్ళుగా పెద్దది అక్కడే ముప్పై మంచాల వార్డులో చాకిరీ చేస్తోంది. మూలుగ వార్డుకి రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. నీ అల్లుడిది లారీ బతుకు, నెలకి రెండుసార్లు వస్తాడు. "ఇంట్లో చంటిపిల్ల ఉందిగా, ఇంకోసారి చూద్దాం" అని రెండుసార్లూ వెనక్కి పంపారు. చిన్నదానికి నరం పట్టుకోవడం నేర్పింది ఎవరు? పెద్దదే. తన చెయ్యే చాపి నేర్పింది. మోచేతి మడతలో నల్లగా కమిలిన మచ్చలు నువ్వూ చూశావు. ఆ చేతి మీద సూది నేర్చుకున్న పిల్ల మొదటి అర్జీకే ఆ రెండు తలుపులూ దాటి వెళ్ళిపోయింది.

ఆ పొద్దున పెద్దదానికి సెలవు. కూతురు బుడంకాయకి నీళ్ళు పోస్తోంది. నువ్వు బజారుకెళ్ళావు.

"తాతా, ఒకసారి ఇటు రా."

వెళ్ళాను. మనవరాలి కూతురు వీపంతా నీటిబొట్లు అంటించినట్టున్నాయి. ఒక్కో బొట్టు చుట్టూ ఎర్రటి గీత.

"దోమలేమోనే" అన్నాను.

"ముప్పై మంచాల మధ్య ఎనిమిదేళ్ళు తిరిగాను తాతా. దోమకీ ఆటలమ్మకీ తేడా తెలీదా?"

బుడంకాయ "ఆటలమ్మ అంటే ఆడుకోవచ్చా?" అంది. ఇద్దరం నవ్వలేదు.

"నిన్నా మొన్నా ఇది వాళ్ళ పిన్ని ఒళ్ళోనే పడుకుంది" అంది పెద్దది. పిల్ల వీపు తువ్వాలుతో అద్దుతూ, "తాతా, నాకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చింది, గుర్తుంది. చిన్నదానికి వచ్చిందా?"

"రాలేదు. నీకొచ్చినప్పుడు దాన్ని మీ అత్త ఇంటికి ఎత్తుకుపోయింది నేనే కదా. మూడు వారాలు అక్కడే ఉంచాం."

పెద్దది చెంబు కింద పెట్టేసింది. "మరి ఉద్యోగం కాగితంలో వచ్చిందని రాసిందే!"

ఎందుకు రాసిందో నీకు తెలుసు కోడలా. అది కాగితం ముందేసుకుని "అమ్మా, నాకు ఆటలమ్మ వచ్చిందా?" అని అరిస్తే, వంటింట్లోంచి నువ్వు "మా పిల్లలకి ఎప్పుడో వచ్చిపోయింది, రాసెయ్" అన్నావు. తప్పు పట్టట్లేదు. మనింట్లో ఏదైనా అంతే. ఒకదానికి జ్వరమొస్తే "పిల్లలకి జ్వరం" అంటాం. ఒకదానికి గౌను కొంటే "పిల్లలకి గౌను కొన్నాం" అంటాం. ఇద్దర్నీ ఒకే మాటలో చుట్టబెట్టడం మనకి అలవాటైపోయింది. ఆస్పత్రివాళ్ళు పరీక్షకి రక్తం తీసుకున్నారు గానీ ఆ ఫలితం కాగితం ఇంకా రాలేదు. అంతవరకూ నోటిమాట మీదే నడిపించారు.

"జబ్బులు నాకూ, ఉద్యోగాలు దానికీ" అంది పెద్దది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది.

లోపలికెళ్ళేవాళ్ళు సెల్లు బయట పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటారు. కబురు పెట్టాలంటే పెద్ద సిస్టరు బల్ల మీది ఫోనుకే చెయ్యాలి. పెద్దది నంబరు నొక్కింది. ఆపేసింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆపేసింది. మూడోసారి కూడా అంతే.

"చెయ్యవే!" అన్నాను.

"చేస్తే ఏమంటారు? చెల్లెల్ని చూసి అక్క కళ్ళల్లో నిప్పులు పోసుకుంది అంటారు."

"అననీ. రోగి గతేంటి?"

"రోగికి ఇవాళ ఏమీ కాదు తాతా. దానికి అంటుకున్నా వారం దాకా దాన్నించి ఎవరికీ అంటదు. సాయంత్రం రాగానే దానికే చెప్తా. అదే వెళ్ళి చెప్పుకుంటుంది. ఇవాళ దాని రోజు. నేను పాడుచెయ్యను."

ఆ మాట అని పిల్లకి గౌను తొడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

రాసుకున్నావా? అది పాడుచెయ్యనంది. నేను పాడుచేశాను.

ఆ వారం లెక్క నాకు తెలీదు. దగ్గుతూ వచ్చిన కొడుకుని కన్నతల్లి దగ్గరికి పోనివ్వకుండా మొదటి తలుపు దగ్గరే ఆపేయడం మాత్రం నా కళ్ళతో చూశాను. ఆ దర్జీ ఆవిడ టోపీ కళ్ళముందు ఆడింది. ఫోను తీశాను.

"ఎవరు మాట్లాడేది?" అంది పెద్ద సిస్టరు.

"మీ కొత్త నర్సు ఇంట్లోంచమ్మా. ఇంట్లో పిల్లకి ఆటలమ్మ. చిన్నదానికి చిన్నప్పుడు రాలేదు. కాగితంలో తప్పు రాసింది."

"డాక్టరు చూశాడా?"

"ఇంకా లేదు."

"మరి ఆటలమ్మని ఎవరు తేల్చారు?"

స్ట్రెచర్ తోసిన ముసలాడు తేల్చాడంటే వింటారా? "వాళ్ళక్కే చూసింది. వాళ్ళక్కే చెప్పింది. పెద్ద వార్డు సిస్టరు" అన్నాను.

"ఓ, ఆవిడా! అయితే సరే" అని పెట్టేసింది.

వాళ్ళక్కే చెప్పింది, నిజమే. నాకు చెప్పింది. ఆ ముక్క నేను కలపలేదు.

పదకొండింటికి చిన్నది వచ్చింది. అప్పటికి నువ్వూ వచ్చావు, పెద్దదీ వచ్చింది. చెప్పులు గుమ్మంలో ఒకటి ఇటు, ఒకటి అటు పడ్డాయి.

"సంచి నా చేతిలో ఉందక్కా!" అంది. ఏడవట్లేదు. ఏడ్చినా బాగుండేది. "ఇద్దరు నర్సులం పేరు పైకి చదివాం. సంచి మీదా, ఆవిడ మణికట్టు పట్టీ మీదా. కలిసింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, 'నువ్వే పెట్టు తల్లీ, నీ చెయ్యి మెత్తన' అంది. అప్పుడు అద్దం అవతల నిలబడి పెద్ద సిస్టరు వేలితో పిలిచింది. నా చేతిలో సంచి ఇంకొకళ్ళు తీసుకున్నారు."

పెద్దది బుడంకాయ వీపుకి మందు రాస్తోంది. చెయ్యి ఆగలేదు.

"మూలుగ ఎక్కించినవాళ్ళే కొత్త రక్తం ఊరేదాకా ఆ రోగిని చూసుకోవాలట. మధ్యలో చెయ్యి మార్చరట. మూడు వారాలు నన్ను గడప తొక్కొద్దన్నారు. ఆ తర్వాత కూడా నా చోటు ఉంచరట. 'పెద్ద వార్డులో చేద్దువుగాని' అన్నారు. నీ వార్డే అక్కా! నీ వార్డుకే పంపించావు నన్ను!"

"నేనా?" అంది పెద్దది.

"'మీ అక్క కబురు పెట్టింది, మంచిపని చేసింది' అంది పెద్ద సిస్టరు. మంచిపనట!"

అప్పుడు నువ్వు అందుకున్నావు కోడలా. రాయి, నీ మాటలు నువ్వే రాసుకో. "చెల్లెలు నాలుగు మెట్లెక్కితే నీ కడుపెందుకే మండుతుంది? సాయంత్రం దాకా ఆగలేకపోయావా? ఇది కూడా నీ కడుపున పుట్టిందే అనుకోవచ్చుగా!"

"అయ్యిందా? ఇంకా ఉందా?" అంది పెద్దది.

"సిగ్గుందా నీకు?"

"ఉందమ్మా. సరిపడా ఉంది."

చిన్నది దాని ముందు కూలబడింది. "నువ్వు కాదని చెప్పక్కా. ఒక్కసారి చెప్పు చాలు. పెద్ద సిస్టరు అబద్ధం చెప్పిందనుకుంటా. నమ్ముతా నిన్ను."

పెద్దది తలెత్తి నన్ను చూసింది.

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. చూశావా, అప్పుడు మురికేమీ లేదు దానికి.

"పిల్ల పడుకుంది. మెల్లిగా మాట్లాడు" అంది పెద్దది. అంతే.

నువ్వు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు దబదబా పడేశావు. చిన్నది నా దగ్గరికి వచ్చి మోకాలి మీద తల పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

"ఈ ఇంట్లో నా వైపున్నది నువ్వొక్కడివే తాతా."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా రాయి. ఆ మాట నాకు తియ్యగా ఉందమ్మా. సాయంత్రాలు చిన్నది కబుర్లు చెప్తుంటే మధ్యలో పెద్దది "చిన్నీ, ఇటు రావే, జడ వేస్తా" అని పిలిచేది. ఇది లేచి వెళ్ళిపోయేది. రెండో తలుపు దాకా తీసుకెళ్ళి నన్నక్కడే వదిలేసినట్టుండేది. లోపల అక్కాచెల్లెళ్ళు గుసగుసలాడుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. డెబ్భై ఆరేళ్ళవాణ్ణి, జడ మీద కుళ్ళుకున్నాను. అందుకే అది నువ్వొక్కడివే అన్నప్పుడు నోరు మూసుకుని దాని తల నిమిరాను.

సాయంత్రం పెద్దది దండెం మీద బట్టలు తీస్తోంది. నేను గోడ పట్టుకుని వెళ్ళాను.

"నువ్వే కదూ తాతా?" అంది, నా వైపు చూడకుండా.

"ఊఁ."

"నేను కాదు, అమ్మ ఇంట్లో లేదు. బుడంకాయకి నంబరు నొక్కడం రాదు."

"ఇప్పుడే వెళ్ళి దానికి చెప్తాను."

"వద్దు."

"ఎందుకే? చెయ్యని తప్పు నెత్తినేసుకుని..."

బట్టలు భుజాన వేసుకుని నిలబడింది. తర్వాత అంది, "బుడంకాయ వీపు మీద బొట్లు చూడగానే నాకేమనిపించిందో తెలుసా తాతా? సంతోషం వేసింది. కన్నకూతురికి జబ్బొస్తే తల్లికి సంతోషం వేసింది. చెల్లికీ తాకి ఉంటుంది, దాన్ని ఆపేస్తారు అని. భయం తర్వాతొచ్చింది. మూడుసార్లు నంబరు నొక్కానే, రోగి కోసం నొక్కానో దాని మీద కడుపుమంటతో నొక్కానో తేలక ఆపేశాను. చెయ్యలేదన్న మాటేగానీ... అదొచ్చి 'నువ్వు కాదని చెప్పు' అంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఒక క్లిప్పు కిందపడితే వంగి తీసిచ్చాను.

ఆ మర్నాడే చిన్నది బట్టలు సర్దుకుని, తనతో పాటు చదివిన నర్సు పిల్ల గదికి వెళ్ళిపోయింది. ఆ పిల్లకి ఆటలమ్మ చిన్నప్పుడే వచ్చిపోయిందట. పోయేటప్పుడు నాకు చెప్పింది, నీకు చెప్పింది. పెద్దది గుమ్మంలోనే ఉంది. దాన్ని దాటుకుని పోయింది, స్తంభాన్ని దాటినట్టు.

ఇక నిన్నటి సంగతి. ఇది నీకు సగమే తెలుసు.

మధ్యాహ్నం పెద్ద సిస్టరు పెద్దదానికి ఫోను చేసింది. మూలుగ వార్డుకి రమ్మంది. చిన్నదాని చోటులోకే. వస్తావో రావో చెప్పడానికి రేపు పొద్దున పదింటిదాకా గడువిచ్చింది. నువ్వది విని "చెల్లెలి కంచం లాక్కుని తింటావా?" అని అన్నం వదిలేసి లేచిపోయావు. నువ్వు వెళ్ళాక పెద్దది ఫోనులో పెద్ద సిస్టరన్న మాట నాకు చెప్పింది.

"'సొంత చెల్లెలి ఉద్యోగం పోతుందని తెలిసి కూడా రోగి కోసం నోరు విప్పిన మనిషి మాకు కావాలి. చంటిపిల్ల ఉన్నా పరవాలేదు' అంది తాతా... నన్ను. ఆ ఫోను చేసినందుకు పిలిచారు నన్ను."

"మరి నువ్వేమన్నావు?"

"ఆలోచించుకుంటానన్నా."

"నేను వెళ్ళి ఆ ఫోను చేసింది నేనని చెప్తే?"

"పిలుపు వెనక్కి తీసుకుంటారు. చెప్పకపోతే చెల్లి నా మొహం చూడదు." మళ్ళీ తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టింది. "మనసులో మాట చెప్పనా? నాకా చోటు కావాలి. ఎనిమిదేళ్ళ నుంచీ కావాలి. చెల్లికి లేకపోయినా కావాలి. ఇప్పుడు చెప్పు, నేనెలాంటిదాన్ని?"

"నాలాంటిదానివే" అన్నాను. దానికి అర్థం కాలేదు. నేనూ విడమర్చలేదు.

అదీ సంగతి కోడలా. నీకు చెయ్యి నొప్పెడుతోందని తెలుసు. ఇంకొంచెమే.

ఈ కాగితాలు పత్రికవాళ్ళకి రేపు పంపుదాం. అచ్చయి వచ్చేసరికి వారం పడుతుంది. వారం ఆగితే లాభం లేదు. పెద్దది రేపు పదింటికి చెప్పాలి. వస్తానంటే చిన్నది ఇక జన్మలో దాన్ని అక్కా అని పిలవదు. రానంటే ఆ చోటు ఎవరికో పోతుంది, పెద్దది బతికినంతకాలం చెల్లెల్ని చూసి ఉడుకుతూనే ఉంటుంది. చిన్నదానికి నిజం తెలిస్తే ఏం చేస్తుందో నాకు తెలీదు. ఆ పెద్ద సిస్టరు దగ్గరికి పరిగెత్తుతుందో, అక్క దగ్గరికొస్తుందో. నా మంచం పట్టె మీద మాత్రం ఇక కూర్చోదు. అది నాకు తెలుసు.

ఇప్పుడే బయల్దేరు. ఎండ తగ్గింది. ఆ పిల్ల గదికి వెళ్ళి చిన్నదాన్ని కూర్చోబెట్టు. నువ్వు రాసింది రాసినట్టు పైకి చదివి వినిపించు. మధ్యలో లేచిపోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చదువు.

ఏంటి, ఆగిపోయావు?

"మామయ్యా... దండెం దగ్గర పెద్దది చెప్పింది. సంతోషం వేసిందని. అది కూడా చదవనా? కొట్టేస్తే చిన్నది రేపే అక్క దగ్గరికి వచ్చేస్తుంది. అది వింటే..."

వింటే రాకపోవచ్చు. అవును.

కొట్టెయ్యకు. అది కొట్టేస్తే జడ మీద కుళ్ళుకున్నానని నేను చెప్పిందీ కొట్టెయ్యాలి, కళ్ళజోడు తుడుచుకున్నదీ కొట్టెయ్యాలి. అప్పుడు చిన్నదానికి మళ్ళీ సగమే చెప్పినట్టవుతుంది. ఫోనులో నేను చెప్పినట్టే.

మొత్తం చదువమ్మా. పెద్దదానికి చెప్పొద్దు నేనిలా చదివిస్తున్నానని. చెప్తే ఆపుతుంది. వెళ్ళు. చీకటి పడకముందే చదివి వినిపించు దానికి.